దిగిన మన్ను

తెల్లారి చూస్తే కతుషాబే చేనికి కింది అంచు లేదు.

పై వరసల చిక్కుడు మొక్కలు రాత్రి వానకు తడిసి, ఏమీ జరగనట్టు నిలబడి ఉన్నాయి. మధ్య వరసలూ ఉన్నాయి. గట్టు ఉండాల్సిన చోట మాత్రం ఎలుక కొరికిన గుమ్మడికాయలా పెద్ద వంపు. ఆ వంపులోంచి నల్లమన్ను జారి, కింది మెట్టులో ఉన్న బరిగ్యే ఆలుగడ్డ సాళ్ల మీద నాలుక చాపినట్టు పరుచుకుంది. దాంతోపాటు దిగిపోయిన మొక్కలు అక్కడక్కడ తలలెత్తి ఉన్నాయి. పూత కూడా రాలలేదు. ఇల్లు మారిన సంగతి వాటికింకా తెలిసినట్టు లేదు.

పైన, అంచు పోయిన చోట మిగిలింది ఎర్ర గరప. పార దిగని నేల అది.

కతుషాబే మడమల మీద కూర్చుని, కూలకుండా మిగిలిన గట్టును పక్కనుంచి చూసింది. గట్టు కింది ముఖం మెత్తిన గోడలా నున్నగా ఉంది. పార అంచు దిగిన గీతలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తున్నాయి. రువేరే కొండ మీద చేలన్నీ మెట్లే. పై నుంచి మన్ను ప్రతి వానకూ కొంచెం కొంచెం దిగి గట్టు దగ్గర ఆగుతుంది. చేను మొత్తంలో బలం అక్కడే పేరుకుంటుంది. కింది మెట్టు వాళ్లు దుక్కి రోజుల్లో ఆ గట్టును కిందినుంచి ఓ గీకు గీకి, రాలిన మన్ను తమ సాళ్లలోకి లాక్కుంటారు. దాన్ని దొంగతనమని ఎవరూ అనరు. పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకున్నట్టే. కానీ ఈసారి బరిగ్యే కూలీలు గీకలేదు, తవ్వారు. గట్టు నడుము పల్చబడింది. మిగతా పని వాన చేసింది.

“మా ఆలుగడ్డలు పూడ్చేశావు కదమ్మాయ్!”

కిందినుంచి బరిగ్యే కేక. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, తల మీద టోపీ, చంకలో చేతికర్ర. ఆయనకు కొండకొక చేను ఉంది, లోయలో ఆవులున్నాయి, ఊళ్లో మాట ఉంది.

“నేనా పూడ్చింది?” అంది కతుషాబే లేవకుండానే.

“నీ మన్నే కదా.”

“నా మన్నని నీ నోటితోనే అన్నావు. సంతోషం. గంప తెచ్చుకుని పట్టుకుపోతా.”

బరిగ్యే నవ్వాడు. అది కోపం లేని నవ్వు. చిన్నపిల్ల చందమామను అడిగితే నవ్వినట్టు. “పైన ఉన్నంతసేపే నీది. నీళ్లు దించినదాన్ని ఎవరూ ఎక్కించరు. మా తాతల నాటి మాట. పైగా పూడిపోయిన నా గడ్డల సంగతి నేను అడగాలి. పోన్లే, ఆడదానివని ఊరుకుంటున్నా.”

“ఊరుకోవద్దు,” అందామె లేస్తూ. “నేనూ ఊరుకోను.”

ఇంట్లో ఆమె భర్త ఎరినెయో పొయ్యి దగ్గర జొన్న అంబలి తాగుతున్నాడు. మూలనున్న గంప తీసి, అరటి పట్ట చింపి చుట్టకుదురు చేసుకుంటున్న భార్యను చూసి, ముంత కింద పెట్టాడు.

“ఆయనతో మనకెందుకే? అంచే కదా పోయింది. మిగతా చేను ఉందిగా.”

“ఈ అంచు పోతే వచ్చే వానకు దాని పైది అంచవుతుంది. అది పోతే దాని పైది. చివరికి మన గడపే అంచవుతుంది. అప్పుడైనా లేస్తావా?”

ఎరినెయో మళ్లీ ముంత ఎత్తాడు. తాగడానికి అందులో ఏమీ మిగల్లేదు.

కతుషాబే వెంట ప్రోవియా బయల్దేరింది. ఎరినెయోకి అక్క ఆమె. నడుము వంగినా నోరు వంగలేదు. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చి, ఈ మరదలి పొయ్యి దగ్గరే ఉండిపోయింది. ఇద్దరూ కూలిన గట్టు పక్కనుంచి బరిగ్యే చేలోకి దిగారు. తడిమన్నును పారతో లాగితే జిగురుగా సాగుతోంది. కతుషాబే ముందు మొక్కలను వేళ్లతో తవ్వి, వేరు చుట్టూ మట్టి రాలకుండా అరచేతుల్లో పట్టి పక్కన పెట్టింది. తర్వాత గంప నింపింది. ప్రోవియా ఒక పక్క పట్టి ఎత్తింది. కతుషాబే మెడ ఒక్కసారి లోపలికి దిగబడింది. ఎదురు వాలులో కాలివేళ్లను నేలలోకి గుచ్చి, ఒక చేయి గంపకు, ఒక చేయి మోకాలికి ఆనించి ఎక్కింది. పైన ఒంపి, మళ్లీ దిగింది. రెండో గంప ప్రోవియా మోసింది. కొండ దిగడానికి మన్నుకు ఒక్క రాత్రి పట్టింది. అదే మన్ను ఎక్కడానికి ఒక మనిషి మెడ కావాల్సి వచ్చింది.

గంపలు కొన్ని ఎక్కాయో లేదో, బరిగ్యే కూలీలు వచ్చి సాళ్లకు అడ్డంగా నిలబడ్డారు.

“మమ్మల్ని తిట్టకు పిన్నీ,” అన్నాడు వాళ్లలో పెద్దవాడు, చూపు నేల మీద పెట్టి. “ఆదివారం సంఘంలో మాట్లాడుకోమన్నాడు.”

*

రువేరేకి బండి దారి లేదు. జబ్బు పడినవాళ్లను అల్లిన డోలీలో పడుకోబెట్టి, వంతులవారీగా భుజాల మీద రోడ్డు దాకా దించాలి. చచ్చినవాళ్లను మోసేదీ ఆ భుజాలే. అందుకే డోలీ సంఘంలో లేని ఇల్లంటే ఊళ్లో లేని ఇల్లే. దానికి పెద్ద బరిగ్యే. గట్టు తగాదాలూ, మేకల తగాదాలూ అక్కడికే వస్తాయి.

ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్లు పాకలో డోలీ దించి, తెగిన తాళ్లు మార్చి కడుతున్నారు. ఆడవాళ్లు ఎండ పడేచోట చాపలు వేసుకుని కూర్చున్నారు. కతుషాబే నిలబడే మాట్లాడింది. గట్టు తవ్వితే కూలిందని, మన్ను తనదని, తానే మోసుకుంటానని, ఎవరి సాయమూ అడగడం లేదని చెప్పింది.

“మోసుకుంటుందట!” బరిగ్యే అందరివైపూ చూశాడు. “రేపు వాన నీళ్లు కూడా మోసుకుంటుంది. మొన్న తన చేను మీద కురిసి నా చేలోకి దిగిన తడి కూడా తనదేనంటుంది.”

పాకంతా నవ్వింది.

“తడి వద్దు. మన్ను చాలు,” అంది కతుషాబే.

“చూడమ్మాయ్, అందరి ముందూ చెప్తున్నా. నీళ్లు దించిన మన్ను కింది చేనివాడిది. గట్టు కింది ముఖం కూడా కింది చేనివాడిదే. గీక్కుంటాడో తవ్వుకుంటాడో వాడిష్టం. పైవాడు కిందికి దిగి అడగడానికి లేదు. ఈ మాట ఇవాళ్టి నుంచి సంఘం మాట. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి.”

చేతులు లేచాయి. కొన్ని తొందరగా, కొన్ని పక్కవాడిని చూసి. ఎరినెయో చెయ్యి సగం దాకా లేచి, భార్య చూపు తగిలి, చెవి గోక్కుని దిగిపోయింది.

“మళ్లీ నా చేలో అడుగు పెడితే మీ గుమ్మానికి డోలీ రాదు,” అన్నాడు బరిగ్యే. ఈసారి గొంతులో నవ్వు లేదు. “జబ్బు చేసినా అంతే, చచ్చినా అంతే.”

చాపల మీద కదలిక ఆగిపోయింది. అంత మాట ఆ పాకలో ఎవరినీ అనగా వాళ్లు వినలేదు.

కతుషాబే పైట బిగించి నడుముకు చుట్టింది. “జబ్బు చేస్తే పాక్కుంటూ దిగుతా. చస్తే నా శవాన్ని చేను అంచున పెట్టమంటా. దొర్లుకుంటూ నీ ఆలుగడ్డల్లోకే వస్తుంది. కిందికి వచ్చిందంతా నీదే కదా, నువ్వే పాతిపెట్టుకో.”

ఎవరో నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. ప్రోవియా మాత్రం దాచుకోలేదు. చాప మీద అరచేత్తో చరిచి చరిచి నవ్వింది.

ఇంటికి వచ్చాక ఎరినెయో గుమ్మంలో ఆగి, “శవం గిరం అనకే. భయమేస్తుంది,” అన్నాడు.

“నీకు చెయ్యెత్తడానికి భయం, దించడానికి భయం. చెవి మాత్రం బాగా గోక్కుంటావు.”

*

మర్నాడు ఆడవాళ్లిద్దరూ కగోమా కొండకు బయల్దేరారు. అక్కడ వాళ్లకు బఠాణీ విత్తాల్సిన చిన్న చెక్క ఒకటి ఉంది. ఈ కిగేజీ కొండల్లో ఎవరి చేనూ ఒకచోట ఉండదు. తాతలు పంచుకున్నప్పుడల్లా ఈ కొండన ఒక ముక్క, ఆ కొండన ఒక ముక్క అయ్యాయి. రువేరే నుంచి కగోమాకు వెళ్లాలంటే లోయ దాటాలి.

లోయలో మంచుకు గడ్డి తెల్లగా ఉంది. కాలు పెడితే సన్నగా విరుగుతోంది. బరిగ్యే ఆవులు ముక్కుల్లోంచి పొగలు వదులుతూ, ఎండ ఎప్పుడొస్తుందా అని తూర్పుకు తిరిగి నిలబడ్డాయి.

“ఇక్కడ మడుగు నిండా జమ్ము ఉన్నప్పుడు ఇంత చలి ఉండేదా?” అంది ప్రోవియా పంటి సందుల్లోంచి గాలి లాగుతూ. “నీటి మీద దుప్పటి కప్పినట్టు ఉండేది. పొగమంచు మన గుమ్మం దాకా ఎక్కివచ్చి, పొద్దెక్కినా కదిలేది కాదు. బట్టలారవని మా అమ్మ మంచును తిట్టేది.”

“ఇప్పుడు ఆరుతున్నాయిలే వదినా.”

“బట్టలతో పాటు చేలూ ఆరుతున్నాయి. జమ్ము ఉన్నన్నాళ్లూ వాన జల్లెడ పట్టినట్టు పడేది. ఇప్పుడు చూడు, ఎండితే ఎండినట్టు, కురిస్తే కుండ బోర్లించినట్టు.”

జమ్ము కోసి, కాలవలు తీసి, లోయను ఎండబెట్టిన రోజుల్లో అందరూ ఆశపడ్డారు. అడుగున ఉన్న నల్ల బురదలో ఆలుగడ్డలు తలకాయలంత ఊరతాయనుకున్నారు. ఎండేసరికి ఆ బురద పులిసింది. నాలుక మీద పెడితే చింతపండు పిసికినట్టుండేది. వేసిన గడ్డల ఆకులు ఒక తెల్లవారుజామున ఉడకబెట్టినట్టు నల్లబడ్డాయి. కొండల మీద నుంచి దిగిన చలికి నిలవడానికి వేరే చోటు లేదు, లోయకు కప్పుకోవడానికి జమ్ము లేదు. గడ్డి తప్ప మరేదీ బతకలేదు. ఆవులున్నవాళ్లు లోయ తీసుకున్నారు. తిండి పండించేవాళ్లంతా మళ్లీ కొండెక్కారు. అప్పటినుంచే కొండ మీద పిడికెడు మన్నుకు కూడా కళ్లు పడటం మొదలైంది.

కగోమా చెక్క ఒక ఇంటి వసారా అంత. దాని వెనక మనిషెత్తు గట్టు. గట్టు కూలకుండా దాని అడుగున కతుషాబే ఏటా గడ్డి నాటుతుంది. పైన ఎవరిదో జొన్న గాలికి ఊగుతోంది. గట్టు పై భాగంలో జొన్న వేళ్లు గడ్డం వెంట్రుకల్లా వేలాడుతుంటే, వాటి మధ్య నల్లమన్ను కొవ్వు పట్టినట్టు మెరుస్తోంది.

ఇద్దరూ కలుపు తీసి, మధ్యాహ్నానికి గట్టు నీడలో కూర్చుని ఉడికించిన చిలగడదుంపలు తిన్నారు.

“ఈ జొన్న ఎవరిదే?” అంది ప్రోవియా తలెత్తి. “బాగా ఎదిగింది.”

“ఆయనదే.”

“ఎవరాయన?”

కతుషాబే దుంప నమలడం ఆపేసింది. ప్రోవియా గట్టు వైపు చూసింది, మరదలి వైపు చూసింది, మళ్లీ గట్టు వైపు చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. దుంప గొంతుకు అడ్డం పడి, కళ్ల వెంట నీళ్లు కారి, వీపు మీద చరిస్తే గానీ ఆగలేదు.

“సంఘం మాట,” అంది ఊపిరి తీసుకుంటూ. “చెయ్యెత్తించి మరీ చెప్పాడే!”

కతుషాబే లేచింది. పార తీసుకుని గట్టు ముందు నిలబడింది. నిలబడ్డాక చెయ్యి వెంటనే లేవలేదు. గట్టు అంటే గడ్డి నాటేచోటని, పార వేసేచోటు కాదని వాళ్లమ్మ నేర్పింది. తన చేనికి జరిగింది ఈ చేనికి జరిగితే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. జొన్న ఎవరిదైనా, దిగిపోయేది కొండే.

ఒక గంపకు సరిపడా, గట్టు పైనుంచి మాత్రమే, అడుగు కదలకుండా కోసింది. జొన్న మొక్క ఒకటి వేళ్లు బయటపడి పక్కకు వాలింది. నిండిన గంపను తెచ్చి కాలిబాట పక్కన పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

అది సంత దారి. కబాలే సంతకు క్యాబేజీలు మోసుకెళ్లిన ఆడవాళ్లు ఖాళీ బుట్టలతో తిరిగి వస్తున్నారు.

“అయ్యో, గట్టు కోశావా! ఎవరిదే అది?” అంది ముందు నడుస్తున్నామె.

“బరిగ్యేది. సంఘం మాట పాటిస్తున్నా. కింది ముఖం కింది చేనివాడిది. నేను ఇక్కడ కింద ఉన్నాను.”

ఆమె బుట్ట దించి నడుం మీద చెయ్యి వేసుకుంది. ఆలోచించింది. “ఆ మాట అందరికీనా?”

“అందరూ చెయ్యెత్తారు కదా.”

“న్యమిరామా కొండ మీది మా చెక్క పైన కూడా ఆయన బీడే ఉంది.”

“ఏ కొండన చూసినా ఆయనే పైన ఉంటాడుగా,” అంది ఇంకొకామె. “మా చేను పైనా ఆయనదే.”

“ఎన్ని పొలాలుంటే అన్ని అంచులు,” అంది ప్రోవియా, కూర్చున్నచోటే కాళ్లు చాపుకుని. “పాపం, అన్ని అంచులకీ కాపలా ఎలా పెడతాడో.”

ఆడవాళ్లు బుట్టలెత్తుకుని వెళ్లిపోయారు. మలుపు తిరిగాక కూడా వాళ్ల నవ్వులు వినిపించాయి. కతుషాబే నవ్వలేదు. వాలిన జొన్న మొక్కను నిలబెట్టి, వేళ్ల మీద ఇంత మన్ను కప్పి, తట్టింది.

*

మంగళవారం బరిగ్యే తానే వచ్చాడు. లోయ దాటి, కగోమా ఎక్కి వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. దారిలో న్యమిరామా వైపు చూసుకుంటూ వచ్చాడు. అక్కడ ఆయన బీడు కింద ఇద్దరు ఆడవాళ్లు పారలు ఆనించుకుని ఊరికే నిలబడ్డారు. ఏమీ చెయ్యడం లేదు. అలా నిలబడి ఉండటమే ఆయనకు నచ్చలేదు.

కతుషాబే బఠాణీలు విత్తుతోంది. నిన్నటి గంప బాట పక్కన అలాగే ఉంది.

“ఈ గట్టు కూలితే నా జొన్న పోతుంది. నీకేమొస్తుంది?” అన్నాడు ఆయాసంతో.

“మన్నొస్తుంది.”

“నీ మీద కూలితే?”

“నీళ్లు దించిందంతా నాదే. నీ జొన్న కూడా. అంబలి కాచి పంపిస్తాలే.”

బరిగ్యే చేతికర్రను నేలలో గుచ్చి, దాని మీద బరువు మోపాడు. “అందరినీ నా మీదికి ఎగదోస్తున్నావు. ఆడది పార పట్టి బెదిరిస్తే సంఘం ఊరుకుంటుందా?”

“సంఘాన్ని పిలువు. మాట మార్చి చెప్పు. ఈసారి నేనూ చెయ్యెత్తుతా.”

ఆయన గంప వైపు చూశాడు. అందులోని మన్నును రెండు వేళ్లతో తీసి నలిపి వదిలేశాడు.

“సరే. నీ మన్ను నువ్వు తీసుకుపో. అడ్డు రాను.”

“నేను తీసుకుపోయే రోజు అయిపోయింది.”

“అంటే?”

“నాకు నీ మన్ను అక్కర్లేదు. ఈ గంప నువ్వు సరేననగానే తిరిగి గట్టుకే కొడతా, మీద గడ్డి నాటుతా. నా మన్ను మాత్రం నువ్వు ఎక్కించాలి.”

“కూలీలను పంపిస్తా.”

“కూలీలు చెయ్యెత్తించలేదు. నోటితో దించావు, నెత్తితో ఎక్కించు.”

“నా వయసెంతో తెలుసా నీకు?”

“మా వదిన మోసింది. ఆమెను అడుగు వయసెంతో.”

సాళ్ల మధ్య కూర్చున్న ప్రోవియా తల కూడా ఎత్తలేదు. “నీకంటే పెద్దదాన్నే బాబూ. నీకు ముక్కు తుడిచాను,” అంది.

బరిగ్యే కర్ర పీకి, వచ్చిన దారినే దిగిపోయాడు.

ఆ సాయంత్రం కతుషాబే ఇంటికి వచ్చేసరికి ఎరినెయో ఇంట్లో లేడు. కూలిన గట్టు దగ్గర ఉన్నాడు. వాగులోంచి తెచ్చిన రాళ్లు గట్టు పాదం దగ్గర పేర్చుతున్నాడు. గోళ్ల నిండా మట్టి ఉంది. భార్యను చూసి లేవలేదు.

“మన్ను వస్తుందో రాదో. రాళ్లైతే ఉండాలిగా,” అన్నాడు.

ఆమె పక్కన కూర్చుని రాళ్లు అందించింది.

*

బుధవారం పొద్దున మంచు లోయలోనే చాలాసేపు ఉంది. అది విడేసరికి రువేరే మెట్ల మీద జనం ఎవరి చేలో వాళ్లున్నారు. అందరి చేతుల్లోనూ పని ఉంది. ఎవరి పనీ సాగడం లేదు.

బరిగ్యే వాలు ఎక్కుతున్నాడు. టోపీ మీదే చుట్టకుదురు పెట్టుకున్నాడు. దాని మీద గంప ఒక పక్కకు ఒరుగుతోంది. రెండు చేతులతో పట్టుకోవడం వల్ల మోకాలికి ఆనించడానికి చెయ్యి లేదు. బూటు జారింది. ఆగాడు. వెనక కూలీలు దూరంగా నిలబడ్డారు. ఒకడు సాయానికి అడుగు వేయబోతే, ఆయనే తల అడ్డంగా ఊపాడు. తల ఊపితే గంప కూడా ఊగింది.

కతుషాబే రాళ్ల వరస పక్కన నిలబడి చూస్తోంది. ఎరినెయో చేతిలో రాయి అలాగే ఉంది.

బరిగ్యే పైకి వచ్చి, ఒక్క ఊపులో గంప ఒంపేశాడు. ముఖం మీద చెమట, మట్టి కలిసి చారలు కట్టాయి. “చాలా?” అన్నాడు.

కతుషాబే వంగి ఒక పిడికెడు తీసింది. నలిపింది. ముద్దలు విరిగాయి గానీ పొడి కాలేదు. అరచెయ్యి ఎర్రబడింది.

“ఇది నాది కాదు,” అంది.

“మన్ను మన్నే కదా!”

“ఇది నీ చేను అడుగున తవ్విన గరప. నాది నల్లది. నీ ఆలుగడ్డల సాళ్లలో ఉంది. ఇది తీసుకుపోయి, అది తీసుకురా.”

పై మెట్టులో ఎవరో దగ్గారు. బరిగ్యే చుట్టూ చూశాడు. పైన, పక్కన, కింద, ప్రతి గట్టుకూ ఒక పార ఆనించి ఉంది. పట్టుకున్నవాళ్లు ఆయన వైపు చూడటం లేదు. గట్ల వైపు చూస్తున్నారు.

ఆయన టోపీ తీసి పక్కన పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఒంపిన గరపను రెండు చేతులతో దగ్గరికి లాగి, గంపలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. గోళ్లతో నేలను గీకి మరీ ఎత్తాడు. లేవబోయాడు.

ఒక ఎర్ర ముద్ద కతుషాబే కాలి దగ్గర మిగిలిపోయింది.

“అదీ,” అందామె, గడ్డంతో చూపిస్తూ.

బరిగ్యే మళ్లీ వంగాడు.